ట్రంకు పెట్టెలో నాలుగు గుడ్లు

నేను మన్యంలో ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ల సంగతి. ఆశ్రమ పాఠశాల డార్మెటరీలో మూడు రోజులుగా ఒకటే కంపు. ఎలక చచ్చిందేమోనని మూలలన్నీ వెతికించాం. చివరికి కంపు ఒక ట్రంకు పెట్టెలోంచి వస్తోందని తేలింది. పెట్టె నాలుగో తరగతి గుంటడిది, పాచిపెంట పై కొండల నుంచి దిగివచ్చినవాడిది. తాళం తీయమంటే తీయడు. పెట్టె మీద బోర్లా పడుకుని రెండు చేతులతో పట్టేసుకున్నాడు. ఇద్దరు పెద్ద పిల్లల చేత లేపించి తెరిపించాను. యూనిఫాం చొక్కాలో చుట్టి నాలుగు ఉడకబెట్టిన గుడ్లు. భోజనంలో ఇచ్చిన గుడ్డు తినకుండా దాచుకుంటున్నాడన్నమాట. డార్మెటరీ అంతా గొల్లుమంది. నేను అందరి ముందూ కేకలేసి, గుడ్లు వాడి చేతే పారబోయించి, గోడ దగ్గర నిలబెట్టాను.

వాడు ఏడవలేదు. ఆ రాత్రి గోడ దూకి వెళ్లిపోయాడు.

తెల్లారాక ఏడో తరగతి కుర్రాడొకడు నా గది ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఆళ్ళ సెల్లి కోసం దాసినాడు మేస్టారూ. ఆళ్ళమ్మ సచ్చిపోనాది కదా. సెల్లి ముసిల్దాని కాడుంది. ఆదోరం సంతకి తెస్తామన్నారు. తేలేదు."

తల్లి పోయిన సంగతి నాకు తెలుసు. సెలవు రాసింది నేనే. కానీ తెలిసిన ఆ సంగతికీ, ముక్కు మూసుకుని వెతికిన కంపుకీ ముడి ఉందన్న ఆలోచనే నాకు రాలేదు. పిల్లల మనస్తత్వం మీద పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఆ చదువులో దుఃఖం మోస్తున్న పిల్లవాడు ఎలా కనిపిస్తాడో ఒక్క పేజీ లేదు. వాడు ఏడుస్తూ కనిపిస్తాడనుకున్నాను. దొంగలా కనిపిస్తాడని ఎవరూ చెప్పలేదు.

ఆ గుడ్లు నా మనసులోంచి పోలేదు. తీవ్రమైన ఆఘాతం తిన్న పిల్లలకు అండగా నిలబడేలా ఉపాధ్యాయుల్ని తయారు చేయాలని ఇప్పుడు దేశమంతా మాట్లాడుతున్నారు. ఆ మాటను పాచిపెంట లాంటి చోట నిలబెట్టి చూస్తే అది వేరే రూపం తీసుకుంటుంది. ఇక్కడ పిల్లల బాధ తరగతి గదిలో కాదు, బడి గంట కొట్టాక బయటపడుతుంది. తెలుగులో కాదు, ఇంటి భాషలో బయటపడుతుంది. నిపుణుడి ముందు కాదు, ఆ పూట అక్కడున్న పంతులు ముందో, వంటామె ముందో బయటపడుతుంది. శిక్షణ ఆ వేళకీ, ఆ భాషకీ, ఆ మనుషులకీ సరిపోయేది కాకపోతే ఎన్ని మాడ్యూళ్లు అచ్చు వేసినా కొండ ఎక్కదు.

2022 ఏప్రిల్ 4 దాకా విజయనగరం జిల్లాలో ఉన్న పాచిపెంట ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఒక పక్క పెద్దగెడ్డ జలాశయం, ఇంకో పక్క సాలూరు నుంచి ఒడిశాకు ఘాట్ ఎక్కే 26వ జాతీయ రహదారి. పి.కోనవలస దగ్గర లారీలు మూలుగుతూ మలుపులు తిరుగుతుంటే, పైన రోడ్డు లేని గూడేలు ఉంటాయి. కొండదొరలు, జాతాపులు, గదబలు, మూకదొరలు, కోదులు ఉండే నేల ఇది. మన్యం జ్వరాలు, పాముకాట్లు, సారా, కుటుంబాన్ని రెండు ముక్కలు చేసే వలస, వీటి మధ్య పిల్లలు పెరుగుతారు. రోడ్డు లేక రోగుల్ని కర్రకు కట్టి మోసే డోలీ కూడా వీటిలో ఒకటి. 2018లో సాలూరు కొండల్లో ఒక గర్భిణిని డోలీలో మోస్తుండగా దారి మధ్యలోనే కాన్పయిన వీడియో దేశమంతా చూసింది. 2020లో కొదమ పంచాయతీ గిరిజనులు చందాలేసుకుని తమ దారి తామే వేసుకున్నారు. మోసినవారి గురించి, మోయబడినవారి గురించి మనం రాశాం. డోలీ వెనకాల నడిచిన పిల్లవాడి గురించి రాయలేదు. మోసేవాళ్ల అడుగులకు అందక పరుగెత్తుతూ, ఒక చేత్తో సెల్‌ఫోను లైటు పట్టుకుని, రెండో చేత్తో అమ్మ చెప్పులు పట్టుకుని నడిచేవాడు ఒకడుంటాడు. పది రోజుల తర్వాత వాడు ఆశ్రమ పాఠశాలలో రెండో పీరియడుకి నిద్రపోతుంటాడు. మనం వాణ్ణి లేపి నిలబెడతాం.

ఒంటికి ఒక తీరుంది. ప్రాణం మీదకు వచ్చిందనిపిస్తే అది తిరగబడుతుంది, లేదా పారిపోతుంది, లేదా కొయ్యబారిపోతుంది. ఆపద దాటిపోయినా ఒళ్లు ఆ కాపలా దిగదు. చిన్న అలికిడికి ఉలిక్కిపడుతుంది. నిద్ర పట్టదు, పట్టినా పక్క తడుస్తుంది. కడుపులో నొప్పంటాడు, డాక్టరు చూస్తే ఏమీ ఉండదు. నిన్న వచ్చిన ఎక్కం ఇవాళ రాదు. మన స్టాఫ్‌రూముల్లో ఈ మూడు తీరులకూ ఎప్పటినుంచో పేర్లున్నాయి. తిరగబడేవాడు మొండి, పారిపోయేవాడు పనికిమాలినవాడు, కొయ్యబారినవాడు మొద్దు. మూడు పేర్లతోనూ నేను పిల్లల్ని పిలిచాను. చిన్ననాటి దెబ్బలు పెద్దయ్యాక గుండెజబ్బుల దాకా, తాగుడు దాకా వెంటాడతాయని అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టీ, రాబర్ట్ ఆండా 1998లో చూపించారు. వేలమంది పెద్దల్ని ప్రశ్నించిన అధ్యయనం అది. ఆ లెక్క కాలిఫోర్నియా పట్టణవాసులది. కొండ మీది పిల్లలకు దాన్ని యథాతథంగా అతికించడం తగదు. కానీ చిన్నప్పటి భయం ఒంట్లో మిగిలిపోతుందన్న మాట ఎక్కడైనా నిజమే.

2025 అక్టోబరులో ఇదే జిల్లా కురుపాంలోని గిరిజన బాలికల విద్యాలయంలో కామెర్లు వ్యాపించాయి. వందమందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. ఇద్దరు ఆడపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. మంచినీళ్ల గురించి, మరుగుదొడ్ల గురించి, ఏఎన్ఎంలను నియమించాలన్న పాత డిమాండు గురించి చాలా చర్చ జరిగింది. జరగాల్సిందే, ఇంకా జరగాలి. కానీ బతికి తిరిగొచ్చిన పిల్లల గురించి నేను చదివింది బహు తక్కువ. నిన్నటిదాకా పక్క మంచం మీద పడుకుని జడలు అల్లిన పిల్ల లేదు. ఆ మంచం ఉంది. అదే కుళాయి, అదే గ్లాసు. ఆ నీళ్లు తాగమంటే ఒక పిల్ల చేయి వణికితే దాన్ని ఏమనాలి? ఆరోగ్యశాఖ లెక్కలో ఆ పిల్ల కోలుకున్నట్టే. సెలవుల తర్వాత గేటు దగ్గర నాన్న చొక్కా వదలని పిల్లను లోపలికి తీసుకెళ్లాల్సింది ఆ బడి టీచరే. ఆమె కూడా ఆ రోజుల్లో పిల్లల్ని ఆసుపత్రికి మోసినావిడే అయి ఉంటుంది. ఆవిడకు ఎవరు చెప్పాలి, ఏం చెప్పాలి?

కాగితం మీద మనకు ఏర్పాట్లు లేవని కాదు. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009లోనే నిషేధించింది. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య దూతలుగా తయారు చేయమంది. దాని పదకొండు అంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యావిధానం బడుల్లో కౌన్సెలర్ల గురించి మాట్లాడింది. 2022 అక్టోబరు 10 నుంచి టెలీమానస్ ఉంది. 14416కు ఫోను చేస్తే రాత్రైనా పగలైనా మానసిక సలహా దొరుకుతుంది, తెలుగులోనూ దొరుకుతుంది. మంచి ఏర్పాటు. కానీ హాస్టల్ పిల్లవాడి చేతిలో ఫోను ఉండదు. పై గూడేల్లో సిగ్నలు ఉండదు. వాడి ఏడుపు ఇంటి భాష కువిలో ఉంటే ఆ ఫోను అవతల కువి తెలిసినవారు ఉండరు.

అంతకంటే అసలు చిక్కు శిక్షణ జరిగే తీరులో ఉంది. మండల కేంద్రంలో ఒక హాలు, ఒక ప్రొజెక్టరు, టీ, సంతకాలు. లేదంటే ఆన్‌లైన్ కోర్సు. సిగ్నలు కోసం మిద్దె ఎక్కి, వీడియోను తనంతట తాను నడవనిచ్చి, చివరి ప్రశ్నలకు గ్రూపులో వచ్చిన జవాబులు పెట్టి సర్టిఫికెట్టు తీసుకోవడం. టీచర్లను తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. నేనూ అలాంటి సర్టిఫికెట్లు తీసుకున్నాను. చేతితో చేయాల్సిన పనిని చెవితో నేర్పబోతే ఇంతకంటే వేరేగా జరగదు. ఈత తెలియనివాడికి ఈత గురించి ఉపన్యాసం ఇచ్చి గెడ్డలో దింపినట్టు ఉంటుంది.

మనకు దగ్గరలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని మహా తుపాను ఊడ్చేసినప్పుడు బెంగళూరు నిమ్‌హాన్స్ వైద్యులు ఒక సంగతి గమనించారు. అన్ని ఊళ్లకు సరిపడా మానసిక వైద్యులు ఎప్పటికీ దొరకరు. అందుకని ఊళ్లోనే ఉండే మామూలు మనుషులకు కొద్దిపాటి మెలకువలు నేర్పి, వాళ్ల వెనక నిపుణులు నిలబడే పద్ధతి పెట్టుకున్నారు. తర్వాత గుజరాత్ భూకంపంలో, 2004 సునామీలో ఈ పద్ధతి ఉపాధ్యాయుల దాకా వచ్చింది. పిల్లలతో బొమ్మలు గీయించడం, ఆడించడం, పాడించడం, వీలైనంత త్వరగా బడి గంటను మళ్లీ మోగించడం, ఇవే మందులు. రోజూ ఒకే వేళకు మోగే గంట భయపడ్డ పిల్లవాడికి ఎంత ధైర్యమో మనం లెక్కలోకి తీసుకోం. రేపు కూడా నిన్నలాగే ఉంటుందని వాడికి ముందుగా చెప్పేది అదే.

తీరం తుపానుకీ కొండల కష్టానికీ తేడా ఉంది. తుపాను ఒకసారి వచ్చి పోతుంది, ఊరంతటికీ వస్తుంది, పేపర్లో పడుతుంది. మన్యంలో దెబ్బలు విడివిడిగా, ఒక్కో ఇంటికీ, ఏడాది పొడుగునా పడతాయి. అందుకే ఇక్కడ విపత్తు వచ్చాక శిబిరం పెట్టే పద్ధతి చాలదు. ఎప్పుడూ ఉండే అలవాటు కావాలి.

ఇక్కడ ఒక నొప్పి కలిగించే మాట అనాలి. ఆశ్రమ పాఠశాలే కొందరు పిల్లలకు మొదటి దెబ్బ. ఐదారేళ్ల పిల్లను కొండ దించి, అమ్మ భాష తెలియని చోట, వరస మంచాల మధ్య పడుకోబెడతాం. కెనడాలో ఆదివాసీ పిల్లల్ని ఇళ్లనుంచి లాక్కెళ్లి, సొంత భాష మాట్లాడితే కొట్టిన వసతి బడులకు 2008 జూన్ 11న అక్కడి ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. మన ఆశ్రమ పాఠశాలలను వాటితో సమానం అనడం అన్యాయం. మన తల్లిదండ్రులు తమ ఇష్టంతో పంపుతున్నారు, బువ్వ దొరుకుతుందని, చదువు వస్తుందని పంపుతున్నారు. ఈ బడుల వల్లే మన్యంలో ఒక తరం టీచర్లయింది, నర్సులయింది, ఇంజనీర్లయింది. అయినా చిన్నపిల్లకు ప్రభుత్వ ఉద్దేశం తెలియదు. దానికి తెలిసిందల్లా అమ్మ లేదని, తన మాట ఎవరికీ అర్థం కావడం లేదని. జూన్‌లో బడి తెరిచిన తొలి పది రాత్రులు ఏ ఆశ్రమ పాఠశాల డార్మెటరీలోనైనా పడుకున్నవారికి ఆ ఏడుపు తెలుసు. ఒకరు మొదలుపెడితే వరసంతా అందుకుంటుంది.

భాష సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆఘాతం మీద రాసే మాడ్యూళ్లలో దీనికి చోటు దొరకదు. భద్రిరాజు కృష్ణమూర్తి కొండదొరల 'కొండ' భాష మీద 1969లో ఒక గ్రంథమే రాశారు. సాలూరు పక్క గదబల భాషను ద్రావిడ భాషాశాస్త్రవేత్తలు ప్రత్యేకంగా నమోదు చేశారు. అంతకు ఎంతో ముందే గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించాలని బడులు పెట్టించారు. గిడుగు అంటే వ్యావహారిక భాషోద్యమమే మనకు గుర్తొస్తుంది. పరాయి పిల్లల మాటను నేర్చుకోవడం టీచరు పని అనుకున్న మనిషిగా ఆయన ఇవాళ మన్యం బడులకు ఎక్కువ అవసరం. 2004లో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో, 240 బడుల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది. వాచకాలు వచ్చాయి, భాషా వాలంటీర్లు వచ్చారు. ఆ ప్రయత్నం ఒకసారి ఊపందుకుని ఒకసారి నీరసిస్తూ వచ్చింది. చదువు కోసం దాని గురించి వాదించేవారున్నారు. నా వాదన వేరు. భయపడ్డ మనిషి నోట మొదట వచ్చేది అమ్మ భాష. ఆ ఏడో తరగతి కుర్రాడు లేకపోతే గుడ్ల సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ప్రతి ఆశ్రమ పాఠశాలలో ప్రతి రాత్రీ పిల్లల భాష తెలిసిన పెద్దమనిషి ఒకరు ఉండాలన్నది సౌకర్యం కాదు, మొదటి చికిత్స.

దుఃఖం విషయంలో కొండ మనకంటే వెనకబడి ఉందనుకోవడం కూడా పొరపాటే. బ్రిటిష్ మానవ శాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ ఒడిశా వైపు సవరల మధ్య ఏళ్ల తరబడి ఉండి 1993లో ఒక పుస్తకం రాశాడు. అక్కడ చనిపోయినవారు పూజారిణి నోట మాట్లాడేవారు. ఇంటివారు చుట్టూ కూర్చుని వాళ్లతో వాదించేవారు, నిందించేవారు, ఏడ్చేవారు, ఎందుకు వెళ్లిపోయావని అడిగేవారు. ఒకసారి కాదు, ఏళ్లపాటు. నమ్మకం సంగతి అలా ఉంచండి. పోయినవారి గురించి నలుగురిలో కూర్చుని, మళ్లీ మళ్లీ, సిగ్గు లేకుండా మాట్లాడుకునే ఏర్పాటు అది. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లను మనం కర్మకాండ పూర్తవకుండానే వెనక్కి రప్పిస్తాం, హాజరు శాతం కోసం. కుటుంబంలో మరణం జరిగితే పిల్లవాడికి ఊరి ఆచారం ప్రకారం ఉండాల్సినన్ని రోజులు సెలవివ్వడం పైసా ఖర్చు లేని పని.

ఇంతకీ టీచరుకు ఏం నేర్పాలి? డాక్టరును చేయక్కర్లేదు. ఏం చేయకూడదో నేర్పితే సగం పని అయిపోతుంది. నలుగురిలో నిలదీయకూడదు. జరిగింది చెప్పు చెప్పు అని తవ్వకూడదు. గాయాన్ని మళ్లీ మళ్లీ కెలికి మాట్లాడించడం మేలు కంటే కీడు చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలే చెప్పారు. వాళ్లు 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స సూత్రం మూడే మాటలు: చూడాలి, వినాలి, కలపాలి. చూడటమంటే ఎవరు తినడం లేదో, ఎవరు మూల పట్టారో గమనించడం. వినడమంటే పక్కన కూర్చుని, వాడు మాట్లాడితే వినడం, మాట్లాడకపోతే ఆ మౌనాన్ని భరించడం. కలపడమంటే వాడికి కావలసిన మనిషి దగ్గరికి చేర్చడం. ఆ మనిషి డాక్టరు కావచ్చు, అమ్మమ్మ కావచ్చు, పక్క ఊరి బాలికల హాస్టల్లో ఉన్న చెల్లెలు కావచ్చు.

ఒక్కచోట మాత్రం మెత్తదనం పనికిరాదు. పిల్లపై లైంగిక దాడి జరిగిందన్న సంగతి తెలిస్తే ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. దాచిపెట్టడం నేరం, సంస్థ పెద్ద దాచిపెడితే శిక్ష ఇంకా ఎక్కువ. పిల్లకు ముందే నెమ్మదిగా చెప్పాలి: నేను ఇది ఫలానావారికి చెప్తాను, నువ్వు ఒంటరిగా ఉండవు, నేను పక్కనే ఉంటాను. బడి పరువు గురించి ఆలోచించే చోటు కాదది. ఈ మాటలు చెప్పడం కష్టం. ఇద్దరు టీచర్లు ఎదురెదురు కూర్చుని, ఒకరు పిల్లగా ఒకరు పంతులుగా నోరు తిరిగేదాకా పలికి చూస్తే తప్ప రావు. శిక్షణ అంటే అది.

ఈ శిక్షణ వంటామెకూ, కమాటీకీ, వాచ్‌మన్‌కూ ఇవ్వకపోతే వృథా. సాయంత్రం తర్వాత పిల్లలు చూసేది వాళ్లనే. చాలాసార్లు పిల్లల భాష తెలిసినవారూ వాళ్లే. అన్నం వడ్డించే మనిషికి ఎవరు రెండోసారి పళ్లెం పట్టలేదో హెడ్మాస్టరు కంటే ముందు తెలుస్తుంది. ఆవిడ చెప్పిన మాట వినే అలవాటు హెడ్మాస్టరుకు నేర్పడమూ శిక్షణలో భాగమే.

ఇక టీచర్ల సంగతి. పగలు పాఠాలు చెప్పి, సాయంత్రం స్టాకు రిజిస్టరు రాసి, రాత్రి డిప్యూటీ వార్డెనుగా జ్వరాలు చూసే మనిషి మీద ఇంకో బరువు పెడుతున్నామన్న సంగతి మరవకూడదు. ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూసే కాంట్రాక్టు టీచర్లు వీళ్లలో ఎంతోమంది. రేపు తన ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి పిల్లవాడికి ఏ భరోసా ఇస్తాడు? చేతుల్లో పిల్ల ప్రాణం పోవడం చూసిన టీచరుకు కూడా మాట్లాడుకునే చోటు ఉండాలి. నెలనెలా జరిగే క్లస్టరు సమావేశంలో ఒక గంట ఇందుకే కేటాయించి, మానసిక ఆరోగ్యం తెలిసిన మనిషిని జిల్లా నుంచి పంపి, ఈ నెల మీ బడిలో ఏ పిల్ల మిమ్మల్ని కలవరపెట్టిందని అడిగితే చాలు. ఆన్‌లైన్ కోర్సు ఏళ్లు పట్టినా నేర్పలేనిది ఆ గంట నేర్పుతుంది.

ఇవన్నీ ఉన్నా మంచినీళ్లు లేకపోతే, రోడ్డు లేకపోతే, కొత్త గాయాలు పడుతూనే ఉంటాయి. నీళ్ల ట్యాంకు కడగాల్సిన డబ్బుతో కౌన్సెలింగ్ పోస్టర్లు వేస్తే అది పాపం. రెండూ కావాలని గట్టిగా అడగాలి.

అడగడానికి ఇది మంచి అదను. 2025 మెగా డీఎస్సీ 16,347 టీచరు పోస్టులకు జరిగింది. ఆ సెప్టెంబరులో నియామక పత్రాలు అందుకున్నవారిలో కొందరు ఈ కొండ బడులకు వచ్చారు. అలవాట్లు ఇంకా గట్టిపడని వయసు వాళ్లది. పాచిపెంట సాలూరు నియోజకవర్గంలో ఉంది. ఆ సాలూరు శాసనసభ్యురాలు గుమ్మిడి సంధ్యారాణి చేతిలోనే గిరిజన సంక్షేమం, మహిళా శిశు సంక్షేమం రెండు శాఖలూ ఉన్నాయి. ఆశ్రమ పాఠశాల ఒక శాఖది, అంగన్‌వాడీ, పిల్లల రక్షణ ఇంకో శాఖవి. ఫైలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పోయేలోపు పిల్ల పెద్దదైపోయే దుస్థితి ఇప్పుడు లేదు. జూన్ 12న బడులు తెరిచే ముందు పాచిపెంట మండలంలోని ఆశ్రమ పాఠశాలలతోనైనా దీన్ని మొదలుపెట్టవచ్చు. వంటామెతో సహా అందరికీ మూడు రోజులు, నెలకో గంట, రాత్రికి ఒక సొంత భాష మనిషి.

గోడ దూకినవాణ్ణి మర్నాడు మధ్యాహ్నం వాళ్ల ఊళ్లో, అమ్మమ్మ ఇంటి అరుగు మీద చూశాం. ఆ ఏడో తరగతి కుర్రాణ్ణి వెంటబెట్టుకుని నేనే కొండెక్కాను. వాడు నన్ను చూసి పారిపోలేదు. చెల్లెలు ఒళ్లో ఉంది. రెండేళ్లుంటాయి దానికి. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. నేను తెచ్చిన రెండు గుడ్లు అరుగు మీద పెట్టాను. వాడు చాలాసేపు వాటికేసి చూసి, ఒకటి తీసుకుని, పెంకు ఒలిచి, చిన్న చిన్న ముక్కలు చేసి దాని నోట్లో పెట్టడం మొదలుపెట్టాడు. తర్వాతి ఆదివారం నుంచి వాడితోపాటు సంతకు నేను కూడా వెళ్లేవాణ్ణి.